గుత్తకు మాట్లాడుకున్న హార్మోనియం

మా పెనుబల్లి బజారులో బేరం రానివాడు లేడు. అయినా గర్వంగా చెబుతున్నాను, ఇంతవరకు ఎవరూ చెయ్యని బేరం ఒకటి నేను చేశాను. సంగీతాన్ని గుత్తకు మాట్లాడుకున్నాను.

గుత్త సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. మా వైపు వరి నాటు వెయ్యాలన్నా, మిరపకాయ ఏరాలన్నా రెండు పద్ధతులున్నాయి. రోజు కూలి ఇస్తే వచ్చిన మనిషి పొద్దు ఎప్పుడు గుంకుతుందా అని చూస్తాడు. మొత్తం పనికి ఇంత అని గుత్తకు ఇస్తే, పని ఎప్పుడు అయిపోతుందా అని చూస్తాడు. స్వరాలు కూడా నారుకట్టల్లాంటివే అనుకున్నాను. నెలజీతం ఒప్పుకుంటే మాస్టరు నన్ను సరిగమల దగ్గరే ఏడాది కూర్చోబెడతాడు. గుత్తకు ఇస్తే జల్దీ నేర్పి చేతులు దులుపుకుంటాడు. ఈ ఆలోచన తట్టిన రోజు గల్లాపెట్టె ముందు కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. నాన్న ఉంటే వీపు తట్టేవాడు అనుకున్నాను. ఆయనకు ఎవరి వీపూ తట్టే అలవాటు లేదు, అది వేరే సంగతి.

మాది కిరాణా కొట్టు. తాత పెట్టాడు, నాన్న పెంచాడు, నేను కూర్చున్నాను. శ్రీరామనవమి దగ్గర పడుతుందంటే భద్రాచలం నడిచి వెళ్లే భజన బృందాలు మా కొట్టు ముందునుంచే పోయేవి. నాన్న అరుగు మీద పానకం కుండ పెట్టించేవాడు. బెల్లం మన కొట్టుదే, మిరియాలు మన కొట్టువే, పుణ్యం కూడా మన కొట్టుకే అనేవాడు. పానకం తాగిన మొహమాటానికి సగం మంది కొబ్బరికాయో కర్పూరమో కొనకుండా కదలరని ఆయన లెక్క. ఆ లెక్క ఏ సంవత్సరమూ తప్పలేదు.

అలా ఆగిన ఒక బృందంలోని హార్మోనియం వాయించే ఆయన మెడలోంచి పెట్టె దించి మా బియ్యం బస్తా మీద పెట్టాడు. నేను అప్పుడు పొట్లాలు కట్టే వయసులో ఉన్నాను. తెల్ల మెట్టు ఒకటి నొక్కాను. ఏమీ పలకలేదు. ఆయన పానకం గ్లాసు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తిత్తి మెల్లగా కదిపాడు. నా వేలి కింద నుంచి శబ్దం లేచింది. నేను వేలు తీసేదాకా అది ఆగలేదు. ఆపడం నా చేతిలో ఉందని తెలిశాక ఇంక తియ్యబుద్ధి కాలేదు. నాన్న గల్లా దగ్గర నుంచే ఎవరి సరుకు వాళ్లు ముట్టుకోవాలని అరిచాడు. ఆయన మాత్రం పానకం చివరి గుక్క తాగేదాకా నాకోసం గాలి పోస్తూనే ఉన్నాడు.

అంతే జరిగింది. కానీ ఆ తర్వాత ఏ బృందం పోయినా నా చూపు తాళాల మీదికీ డోలక్ మీదికీ పోలేదు. ఎవరి మెడలో పెట్టె ఉందా అని వెతికేది. ఎప్పటికైనా భద్రాచలం నడకలో ఒక్క కీర్తన, మొదటి నుంచి చివరిదాకా, ఆగకుండా వాయించాలి. నా జీవితంలో లాభం చూసుకోకుండా పెట్టుకున్న కోరిక ఇదొక్కటే.

కోరిక తీరడానికి తీరిక కావాలి. పిల్లలు హాస్టళ్లకు పోయి, మోకాళ్లు నొప్పి మొదలుపెట్టి, నా జుట్టు మొహమాటం లేకుండా తెల్లబడ్డాక ఆ తీరిక దొరికింది. సత్తుపల్లిలో ఒక ఇంట్లో పాత హార్మోనియం అమ్మకానికుందని ఎవరో చెప్పారు. వాళ్ల పెద్దాయన ఒకప్పుడు నాటకాలకు వాయించేవాడట. సరుకు కొనేటప్పుడు ఆశ మొహంలో కనపడకూడదు కదా, నేను పెట్టె వైపు చూడకుండా వాళ్ల గోడ గడియారాన్ని మెచ్చుకుంటూ కూర్చున్నాను. చెప్పిన ధరలో సగానికి అడిగాను. కాసేపు గునిసి ఒప్పుకున్నారు. కొసరుగా పైన కప్పే ముఖమల్ గుడ్డ కూడా ఇమ్మంటే, అదీ ఇచ్చారు. అంత తేలిగ్గా ఇస్తున్నారంటే ఎక్కడో తిరకాసు ఉందని నాకు తట్టాలి. తట్టలేదు. ఆటోలో ఇంటికి తెచ్చి గుడ్డ తీసి చూస్తే నడిమి వరసలో ఒక మెట్టు మూగది. ఎంత నొక్కినా గాలి తప్ప మాట లేదు.

మా ఆవిడది మధిర. మాట మెత్తగా ఉంటుంది, తగిలేది గట్టిగా తగులుతుంది. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, "మీరు ధర తగ్గించమన్నారు, వాళ్లు మెట్టు తగ్గించారన్నమాట" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇక మాస్టరు. ఆయన మా ఊరి పక్క తండా మనిషి. బొగ్గు గనిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. చొక్కా ఇస్త్రీ నలగనివ్వడు, జేబులో పెన్ను లేకుండా గడప దాటడు. ఫోనులో ఇంటివాళ్లతో తండా భాషలో మాట్లాడతాడు, మా కొట్లో మాతో తెలుగులో దెబ్బలాడతాడు. వాళ్ల అమ్మ మా నాన్న దగ్గర సరుకు కొనేది, ఈయన నా దగ్గర కొంటాడు. ఇద్దరూ కొసరు లేకుండా కొట్టు దిగిన పాపాన పోలేదు. చింతపండు తూచాక, పొట్లం కట్టాక, దారం తెంపాక, "ఇంకింత వెయ్ సేటూ, నీ తరాజు ఎప్పుడూ నీ వైపే చూస్తది" అంటాడు. ఏటా నవమికి తండా భజన బృందాన్ని నడిపించుకుని భద్రాచలం పోయేది ఆయనే. మెడలో హార్మోనియం ఆయనదే.

ఒక పొద్దున ఆయన నూనె కోసం వస్తే టీ తెప్పించి విషయం చెప్పాను. ఆయన నవ్వలేదు, అదే నాకు ధైర్యం. నెలకు ఐదొందలు ఇమ్మన్నాడు. నేను నెలలూ గిలలూ వద్దు, గుత్తకు మాట్లాడుకుందాం, ఒక కీర్తన మొత్తం నేర్పడానికి పదివేలు అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి నన్ను కొత్త సరుకును చూసినట్టు చూశాడు.

"నాటు గుత్తకిస్తే మడి కనిపిస్తది. కాయ ఏరితే కల్లం కనిపిస్తది. పాట వచ్చిందో రాలేదో ఎవరు చెప్పాలె సేటూ?"

"నేనే చెప్తా మాస్టరూ. వచ్చిన రోజు వచ్చిందంటా."

"సగం ముందు?"

"సగం ముందు. మిగతా సగం వచ్చిందన్న రోజు."

ఆయన సరేనని అయిదువేలు తీసుకుని మడిచి పెన్ను వెనక పెట్టుకున్నాడు. నాకు లోపల పండగ. పని అయిందని చెప్పే మాట నా నోట్లో ఉంది, మిగతా సగం నా గల్లాలో ఉంది. ఇంతకంటే మంచి ఒప్పందం ఏముంటుంది? ఎదురుగా ఎరువుల కొట్టాయన, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, అంతా విని, "దేవుడికి దండం కూడా గుత్తకే పెడతారా ఏంటండీ శావుకారుగారు" అన్నాడు. రేటు కుదిరితే పెడతానన్నాను.

మన భాషలో విద్యను నేర్చుకున్నామని చెప్పం, వచ్చింది అంటాం. ఈత వచ్చింది, లెక్కలు వచ్చాయి, పాట వచ్చింది. అదేదో దానంతట అది లారీ ఎక్కి వచ్చి మన గుమ్మం ముందు దిగినట్టు. కొట్టువాడికి ఈ మాట ఇంకా దగ్గరిది. మా దగ్గర పొద్దస్తమానం చక్కెర వచ్చిందా, మినప్పప్పు వచ్చిందా అన్నదే ప్రశ్న. అందుకని మాస్టరు రోజూ పాఠం అయ్యాక మెట్లు దిగుతూ "వచ్చిందా సేటూ?" అని అడిగితే, "ఇంకా రాలే" అని నేను చెబితే, అరుగు మీద ఎవరికీ వింతగా ఉండేది కాదు. ఒకసారి ఒకామె సంచి చేతిలో పట్టుకుని నిలబడి, "ఏం రావాలె సేటూ, మంచినూనెనా? వస్తే నాకొక డబ్బా పక్కన పెట్టు" అంది.

పాఠం దీపాలు పెట్టే వేళ. ఆ వేళకు మా కొట్లో ఉప్పు అమ్మం, సూది అమ్మం. తాత కాలం నాటి పట్టింపు. ఎలాగూ బేరాలు మందంగా ఉండే గంట కాబట్టి సంగీతానికి కేటాయిస్తే నాకు పైసా ఖర్చు లేదు. చూశారా, అక్కడ కూడా లెక్కే.

మొదటి కొన్ని వారాలు మెట్ల జోలికే పోనివ్వలేదు. ఎడమచేత్తో తిత్తి వెయ్యడమే పాఠం. నేను గాలిని కూడా తూచి వేసేవాణ్ని. కొంచెం వేసి, అది అయిపోయాక ఇంకొంచెం. స్వరం దగ్గుతూ దగ్గుతూ చచ్చిపోయేది. మాస్టరు ఓపిక పట్టీ పట్టీ ఒకరోజు, "గాలికి ఎవరూ పైసలడగరు సేటూ, పొయ్" అన్నాడు. ఆ రోజు మొదటిసారి తిత్తి నిండుగా తెరుచుకుంది. కొట్టంతా శబ్దంతో నిండి, ఎదురు కొట్టాయన కుర్చీ లోపలికి జరుపుకున్నాడు.

కుడిచేతిది ఇంకో కథ. నోట్లు లెక్కపెట్టీ లెక్కపెట్టీ నా వేళ్లకు ఒక అలవాటు పడింది. కష్టమైన స్వరం రాబోతుందంటే చాలు, చెయ్యి దానంతట అదే నోటి దగ్గరికి పోయేది. వేలు నాలుకకు అద్దుకుని మెట్టు మీద పెట్టేవాణ్ని. మొదటిసారి ఆయన చూడనట్టు ఊరుకున్నాడు. రెండోసారి జేబురుమాలు తీసి ఆ మెట్టు తుడిచాడు. మూడోసారి, "అది నోటు కాదు, మెట్టు. తడి చేస్తే రెండు రావు" అన్నాడు. ఆ అలవాటు మానడానికి, ఒట్టు, సరిగమలు నేర్చుకున్నంత కాలం పట్టింది.

మధ్యలో కొట్లో ఎవరైనా ఫోనుతో డబ్బులు కొడితే అరిచే స్పీకరు డబ్బా ఒకటి. నేను ఆరోహణలో పైకి ఎక్కుతూ ఉంటే సరిగ్గా చివరి మెట్టు ముందు అది "ఇరవై రూపాయలు అందాయి" అనేది. నా వేళ్లు అక్కడే ఆగిపోయి చెవులు అటు పోయేవి. ఎవరు కొట్టారు, ఏం తీసుకున్నారు అని చూడకుండా ఉండలేను. మాస్టరు చెయ్యి గడ్డం కింద పెట్టుకుని, నాకంటే ఆ డబ్బాకే శ్రుతి బాగా కుదిరిందనేవాడు.

మూగ మెట్టును ఆయనే బాగు చేశాడు. అంతకుముందు దాన్ని దాటుకుంటూ వాయించేవాణ్ని. నా పాట వింటే ముందుపళ్లు ఊడిన మనిషి మాట్లాడినట్టుందని వెక్కిరించి, ఒక సాయంత్రం పెట్టె పైపలక విప్పి, చిన్న ఇత్తడి రేకును గీకి, ఊది, మళ్లీ బిగించాడు. ఇది గుత్తలోకి రాదు సేటూ అన్నాడు. పావుకిలో జీడిపప్పు అడిగాడు. నేను వంద గ్రాములన్నాను. నూట యాభై దగ్గర తెగింది.

ఏళ్లు అలా పోయాయి. నడుమ రోగం భయానికి ఊళ్లన్నీ తలుపులు వేసుకున్న కాలంలో కూడా ఆయన మాస్కు కట్టుకుని అరుగుకు ఆ చివర కూర్చుని, ఇక్కడ నేను వాయిస్తుంటే అక్కడ నుంచి తల అడ్డంగా ఊపేవాడు. టీ ఇద్దరికీ వచ్చేది. కొన్నాళ్లకు టీతో పాటు మిరపకాయ బజ్జీ కూడా రావడం మొదలుపెట్టింది. ఆయన గని కబుర్లు చెప్పేవాడు, కింద చీకట్లో ఎవరు ఎవరిని ఎలా ఏడిపించేవాళ్లో. నేను బజారు కబుర్లు చెప్పేవాణ్ని, వెలుతురులో ఎవరు ఎవరిని ఎలా ముంచుతారో. గంట పాఠంలో వాయించేది ఎంత అని మా ఆవిడ ఒకసారి అడిగింది. నేను బజ్జీల ప్లేటు ఆమె వైపు జరిపాను.

గుత్త పని జల్దీ అవుతుందన్న నా సిద్ధాంతం సంగతి అడక్కండి. ఆయన కంగారుపడలేదు. నేనూ పడలేదు.

ఒక వానాకాలం ఆయన చుట్టాల పెళ్లికని నాలుగు రోజులు రాలేదు. బజారులో మనిషి లేడు. నేను ఊరికే పెట్టె ముందు కూర్చుని మాస్టరు నేర్పుతున్న కీర్తన మొదలుపెట్టాను. పల్లవి పోయింది, అనుపల్లవి పోయింది, నేను రోజూ బోర్లాపడే చరణం దగ్గర చెయ్యి తడబడకుండా దాటింది. చివరి స్వరం దాకా వెళ్లి ఆగాక కూడా నాకు అర్థం కాలేదు. మా ఆవిడ తడిచేతులతో గుమ్మంలో నిలబడి ఉంది. "ఇవాళ ఆగలేదేంటి?" అంది. వాన చప్పుడులో తప్పులు వినపడి ఉండవన్నాను.

మాస్టరు తిరిగి వచ్చిన సాయంత్రం వాయిస్తూ వాయిస్తూ చరణం దగ్గరికి రాగానే, నా వేలు నేనే ఒక మెట్టు పక్కకు జరిపాను. కావాలనే. మెట్లు దిగుతూ ఆయన వచ్చిందా అని అడిగాడు. రాలే అన్నాను.

అయిదువేలు మిగులుతున్నాయి కాబట్టి అలా అన్నానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట నా స్వభావానికి సరిగ్గా సరిపోయింది కాబట్టి నమ్మేశాను కూడా. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం అదే కీర్తన, అదే చరణం, అదే పక్క మెట్టు. ఆయన విని, టీ తాగి, రేపు చూద్దామని లేచేవాడు.

మొన్నటి నవమికి ముందు ఒక పొద్దున ఆయన కొట్టుకు వచ్చాడు. పాఠం వేళకు తప్ప ఎప్పుడు వచ్చినా ఆయన చేతిలో సంచి ఉంటుంది. సంచి లేదు. కుడిచెయ్యి పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. భుజం బిగుసుకుపోయిందట, దవాఖానాలో బరువు మోయొద్దన్నారట, మెడలో ఏదీ వేలాడదీయొద్దన్నారట. ఈ ఏడాది తాళాలతో, డోలక్‌తోనే పోదామని బృందంలో అంటున్నారని చెప్పాడు. చెబుతూ నావైపు చూడలేదు, పప్పుల డబ్బాల వైపు చూశాడు. ఆశ మొహంలో కనపడకుండా దాచే మనిషి ఎలా ఉంటాడో నాకు తెలుసు.

"పెట్టె లేకుండ మా తండ ఎన్నడూ నడవలే సేటూ" అన్నాడు. రోజూ అడిగే మాటే, రోజూ అడిగినట్టు కాకుండా అడిగాడు.

"వచ్చిందా?"

అప్పటిదాకా ఆ మాట నా చేతిలో ఉన్న ఆస్తి. అది ఖర్చు పెట్టకపోతే ఆయన బృందం పెట్టె లేకుండా పోతుంది, నా చిన్ననాటి కోరిక బియ్యం బస్తా మీదే ఉండిపోతుంది. ఖర్చు పెడితే గుత్త తెగుతుంది. తక్కెడలో రెండు వైపులా చూసుకునే టైము లేదు, ఆయన నిలబడి ఉన్నాడు.

"వచ్చింది మాస్టరూ" అన్నాను.

"అవ్?" అన్నాడు. మర్చిపోయిన పని గుర్తొచ్చినట్టు పది కొబ్బరికాయలు తీసుకుని, పదకొండోది కొసరడిగి, పట్టుకుపోయాడు.

నడక తెల్లవారుజామున మొదలైంది. కండువాను పట్టీగా కట్టి పెట్టెను నా మెడకు తగిలించారు. దుకాణంలో కూర్చునే మెడ అది, అంత బరువు ఎన్నడూ ఎరగదు. రోడ్డు మీద బొగ్గు టిప్పర్లు పక్కనుంచి పోతుంటే దుమ్ము స్వరాల్లోకి దూరింది. మా కొట్టు ముందునుంచి పోయేటప్పుడు ఎరువుల కొట్టాయన బయటికి వచ్చి, ఎవరికి పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, చివరికి నాకే దండం పెట్టాడు. మాస్టరు నా పక్కన నడుస్తున్నాడు. చేతులు ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో ఆయనకు తోచలేదు. ఎవరో తాళాలు ఇచ్చారు. ఎడమచేతి తాళం కదలని కుడిచేతి తాళానికి తాకించుకుంటూ నడిచాడు.

మరునాడు పొద్దున చండ్రుగొండ దాటాక చెట్లు రోడ్డు మీదికి వచ్చాయి. కింద ఇప్పపూలు రాలి ఉన్నాయి, తియ్యటి మగ్గిన వాసన. ఎండ ఇంకా ముదరలేదు. మాస్టరు గొంతెత్తి ఆ కీర్తన అందుకున్నాడు. నేను తిత్తి నిండుగా తెరిచాను. పల్లవి సాఫీగా పోయింది. అనుపల్లవిలో బృందమంతా కలిసింది. ఆడవాళ్ల గొంతులు పైన, మగవాళ్లవి కింద, మధ్యలో నా పెట్టె. నా వెనక అంతమంది నా వేళ్లను పట్టుకుని నడుస్తున్నారన్న సంగతి తెలిసి మెడ నొప్పి మర్చిపోయాను. చరణం వచ్చింది.

చెయ్యి పక్క మెట్టు మీద పడింది.

ఈసారి కావాలని కాదు. ఇన్నాళ్లు రోజూ శ్రద్ధగా సాధన చేసింది ఆ తప్పునే కదా. వేళ్లకు అదే పాట అని నేర్పాను, అవి నమ్మాయి. మళ్లీ చరణం వచ్చింది, మళ్లీ అక్కడే. ఆగిపోదామనుకున్నాను కానీ వెనక నడిచేవాళ్లు ఆగరు, గొంతులు నెట్టుకొస్తుంటే స్వరం కూడా ముందుకు పోవలసిందే. మూడోసారి చరణం వచ్చేసరికి ఒక పెద్దామె ఆ తప్పు పడే చోట ఒక చప్పట అదనంగా కొట్టింది. తర్వాత ఇద్దరు కొట్టారు. మధ్యాహ్నం చెట్ల నీడన ఆగే వేళకు బృందమంతా ఆ చోట చప్పట కొట్టి మరీ ముందుకు పోతోంది.

"ఏందది కొత్తగా ఉంది?" అని వెనక నుంచి వచ్చి కలిసినవాళ్లు అడిగితే, ఆ పెద్దామె నీళ్లు తాగుతూ, "అది సేటు కొసరు" అంది.

అందరూ నవ్వారు. మాస్టరు కూడా నవ్వాడు, ముఖం పక్కకు తిప్పుకుని. మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వాయించాలన్న నా కోరిక ఆ విధంగా తీరింది. ఆగలేదు. దానికి మించి ఏమీ చెప్పలేను.

పండగ అయి తిరిగొచ్చాక, దీపాలు పెట్టే వేళకు ఆయన మామూలుగానే వచ్చాడు. నేను అయిదువేలు తీసి ఇచ్చాను. ఆయన బొటనవేలు నాలుకకు అద్దుకుని నోట్లు లెక్కపెట్టాడు. నేను చూస్తున్నానని తెలిసి, "ఇవి నోట్లే గదా" అన్నాడు.

అప్పుడు టీ తాగుతూ చెప్పాడు. నేను వానాకాలం నుంచి దొంగ తప్పు వాయిస్తున్నానని ఆయనకు మొదటి వారంలోనే తెలుసట. నిజంగా రానివాడి తప్పు రోజుకో చోట పడుతుంది. "రోజూ ఒక్క కాడనే, ఒక్క తీరుగ తప్పు పోవాలంటే పాట పూర్తిగ వచ్చి ఉండాలె."

"మరి అడగలేదేం? అయిదువేలు రావాలి కదా మీకు."

"చెప్పుడు నీ వంతు గద సేటూ. మాట అట్లనే అనుకున్నం." గ్లాసు తిప్పుతూ, "గుత్తకు ఎందుకు ఒప్పుకున్ననో ఎరుకేనా? నెలకు అయిదొందలైతే నువ్వు మూడో నెలకు మానేద్దువు. ప్రతి నెలా నోటు తీసేటప్పుడు చెయ్యి ఎనకకు పోతది నీకు. ముందుగాల అయిదువేలు పెట్టినోడు, అది వసూలయ్యేదాక పెట్టెను ఇడిచిపెట్టడు. మీ నాయన కాడ మా అమ్మ సరుకు కొన్నది, మీ సంగతి నాకు తెల్వదా" అన్నాడు.

మా బజారులోనే గొప్ప బేరం అనుకున్నది, ఎదుటివాడు నాచేత చేయించుకున్న బేరమని తెలిస్తే కొట్టువాడికి కోపం రావాలి. రాలేదు. ఆయన గ్లాసు కింద పెట్టి, "ఇగ వస్త సేటూ" అని లేచాడు. మెట్లు దిగేటప్పుడు ఏమీ అడగలేదు. అడగడానికి ఏముంది.

మరునాడు రాలేదు. రెండు టీలు తెప్పించి రెండూ నేనే తాగాను. ఆ తర్వాతి రోజూ రాలేదు. భుజం నొప్పి ఎక్కువైందేమో అనుకున్నాను. వారం తిరిగాక పొద్దున సంచితో వచ్చాడు. భుజం నయంగానే ఉందన్నాడు. సాయంత్రాలు రావడం లేదేమని అడిగాను.

"గుత్త అయిపాయె గద. పని అయినంక గట్టు మీద కూసుంటరా ఎవరన్న?" అని నవ్వి, చింతపండు తూయమన్నాడు.

నా నాలుక చివర ఒక మాట ఉంది. ఊరికే రండి మాస్టరూ, ఊరికే కూర్చుందాం అని. ఊరికే అన్న మాటను మా కొట్లో మూడు తరాలుగా ఒకే విధంగా వాడుతున్నాం. ఊరికే వస్తుందా, ఊరికే ఇస్తారా, ఊరికే ఎవడు పెడతాడు. దాన్ని రమ్మని పిలవడానికి వాడడం నాకు చేతకాలేదు. నోరు తెరిస్తే, "రెండో కీర్తనకు గుత్త ఎంతకిస్తారు?" అని వచ్చింది.

ఆయన ఇంకింత చింతపండు వెయ్యమని సైగ చేసి, "ఒక్కటి వచ్చినోనికి రెండోది అదే వస్తది. నీ పైసలు నువ్వు ఉంచుకో" అన్నాడు. వేశాను. ఎక్కువే వేశాను. ఆయన గమనించాడో లేదో తెలియదు, పొట్లం సంచిలో పెట్టుకుని పోయాడు.

ఇక లెక్క. హార్మోనియం సగం ధరకు వచ్చింది, మూగ మెట్టుకు నూట యాభై గ్రాముల జీడిపప్పు పోయింది. గుత్తకు పదివేలు. నెలజీతం ఇచ్చి ఉంటే ఇన్నేళ్లకు అంతకు మూడింతలు పైనే అయ్యేది, కాబట్టి ఆ పద్దులో లాభం నాదే, ఒప్పుకుంటాను. టీలూ బజ్జీలూ కలిపితే ఆ లాభంలో మిగిలింది పెద్దగా లేదు. వచ్చిన సరుకు ఒక కీర్తన, అందులో ఒక తప్పు, అది ఇప్పటికీ పోలేదు. పోయింది రోజుకొక గంట. ఆ గంటను నేను ఉప్పు, సూది అమ్మని ఖాళీ టైము కింద రాసుకున్నాను, ధర వెయ్యలేదు. ఇప్పుడు వేస్తే మిగతా పద్దులన్నీ కలిపినా దానికి చాలవు. నికరంగా నష్టమే.